వరహాలు రెండో రెక్క

సత్యవేణికి మొదటి అనుమానం వంకాయ పులుసు దగ్గర వచ్చింది.

శనివారం మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి వచ్చి, బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని తండ్రి పక్కన భోజనానికి కూచుంది. తల్లి తవిటమ్మ వడ్డించింది. వేణి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. పులుసులో ఉప్పు లేదు. తగ్గడం కాదు, చిటికెడు కూడా పడలేదు. అయిపోయింది, ఇక ఇల్లు ఎగిరిపోతుందనుకుని భయం భయంగా తండ్రివైపు చూసింది.

వరహాలు సంగతి అలాంటిది మరి. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండడంలో ఆయన చేతికి ఎంత పేరుందో ఆయన నోటికి అంతకు రెట్టింపు పేరుంది. కూరలో ఉప్పు ఒక పలుకు తగ్గితే చాలు, పెళ్ళినాటి విందు దగ్గర్నుంచి ఎత్తుకుని తవిటమ్మ పుట్టింటి వంటలన్నీ ఏకరువు పెట్టేవాడు. తవిటమ్మ ఏమైనా తక్కువ తిందా? మాటకు రెండు మాటలు అప్పజెప్పేది. పక్కింటివాళ్ళు గోడ దగ్గరికి చేరి వినేవాళ్ళు. చివరికి ఇద్దరూ పడీ పడీ నవ్వి, ఉప్పు కలుపుకుని తినేవారు.

ఆ వరహాలు ఇప్పుడు నింపాదిగా అన్నమంతా తిని, వేళ్ళు కడుక్కుని, "బాగుందమ్మా" అన్నాడు.

"ఉప్పు లేదు కదా నాన్నా?"

"లేదమ్మా. బాగానే ఉంది."

వంటింటి గుమ్మంలో తవిటమ్మ గరిటె పట్టుకుని కొయ్యబారి నిలబడింది. ఆయన చెయ్యి తుడుచుకుని వెళ్ళాక కూతురి రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది.

"మర్సిపోయాననుకున్నావేటే? నాలుగు రోజులై ఉప్పెయ్యడం మానీసినాను. ఒక్క మాట అన్లేదు. పెట్టింది తినడం, బాగుందమ్మా అనడం. నన్ను అమ్మా అంటన్నాడే! ముప్పయ్యేళ్ళై ఒలే అని తప్ప పిలవనోడు! నిజం సెప్పు. మా మావని ఏటి సేసీసినావే నువ్వు?"

వరహాలు చెవి వెనక చర్మం కింద రూపాయి బిళ్ళంత పరికరం ఒకటుంది. దాని పేరు తోడుబిళ్ళ. కనిపెట్టింది వేణి, పేరు పెట్టింది కూడా తనే.

వేణి పని చేసేది విశాఖపట్నంలో ఒక చిన్న పరిశోధనశాలలో. మరిగే ద్రవాల గందరగోళం ఆమె చదువు. ఆ చదువుకు ఓనమాలు మాత్రం గానుగ పాకలో వరహాలు పెనం దగ్గరే పడ్డాయి. చెరకు రసం మరిగేటప్పుడు ఏ పొంగు ఎప్పుడొస్తుందో ఎవరి తరమూ కాదు చెప్పడం. కానీ పొంగడానికి ముందు రసం మీద ఒకచోట చిన్న గుంట పడుతుంది. సరిగ్గా అక్కడ, సరిగ్గా అప్పుడు ఒక్క ఆముదం చుక్క వేస్తే పెనమంతా అణుగుతుంది. రెప్పపాటు ఆలస్యమైతే గిన్నెడు పోసినా అణగదు. పదేళ్ళ వేణి తండ్రి పక్కన గెంతుతూ, "ఇప్పుడు నాన్నా! ఇప్పుడు!" అని అరిచేది. నూటికి తొంభైసార్లు తప్పు చెప్పేది. వరహాలు "ఓసి నీ దుంపతెగా!" అని నవ్వి, అసలు సమయానికి తను చుక్క వేసేవాడు.

పెద్దయ్యాక ఆ గుంటను యంత్రంతో పట్టుకుంది. పెనంలోని వేడిని ఒక క్షణంలో ఒకటి, తర్వాతి క్షణంలో ఒకటి, ఆ తర్వాత మరొకటి కొలిచి, ఆ మూడు కొలతలతో తెర మీద చుక్క పెడితే, ఆ చుక్క కదులుతూ వెనక సన్నని దారం వదిలేది. వెళ్ళిన దారిలో మళ్ళీ వెళ్ళేది కాదు. అలాగని ఎటుపడితే అటు పారిపోయేదీ కాదు. తిరగగా తిరగగా రెండు రెక్కల బొమ్మ తయారయ్యేది. వరహాలు దాన్ని కాసేపు చూసి, తేల్చేశాడు.

"ఇది మీ యమ్మ పెత్తనాలకెల్లినట్టుంది. ఏ యేళకి ఏ ఈదిలో ఉంటాదో సెప్పలేం. ఊరు దాటి మాత్తరం పోదు."

వేణి ఎగిరి గంతేసింది. తను వంద పేజీల్లో రాసింది అదే. ఏ వీధిలో ఎంతసేపుంటుందో లెక్క కట్టొచ్చు, ఊరి ఆకారం గీయొచ్చు, కానీ ఫలానా క్షణాన ఎక్కడుంటుందో మాత్రం చెప్పలేం.

సరిగ్గా ఆ ఏడే వరహాలుకు మూర్ఛలు మొదలయ్యాయి. మాఘమాసంలో ఒకరోజు తెడ్డు పట్టుకుని పాకం తిప్పుతూ తిప్పుతూ విరుచుకు పడిపోయాడు. ఎడం చెయ్యి మోచేతి దాకా పాకంలోకి పోయింది. తవిటమ్మ పంచె పట్టుకుని వెనక్కి ఈడ్చింది కాబట్టి మనిషి దక్కాడు. చెయ్యి మానడానికి అయిదు నెలలు పట్టింది. మూర్ఛలు మాత్రం వారానికి ఒకటి రెండు వస్తూనే ఉన్నాయి. మాత్రలు మార్చారు, మోతాదు పెంచారు, ఏదీ పని చెయ్యలేదు. పెనం దగ్గరికి వెళ్ళొద్దంటే ఆయన వినే రకమా? అన్నం మానేసి కూచున్నాడు.

మూర్ఛల వైద్యురాలు కుముదిని ఒక సభలో వేణి రెండు రెక్కల బొమ్మను చూసింది. మెదడు సంకేతాలను అదే పద్ధతిలో గీస్తే అదే రకం అల్లిక వస్తుందని ఆమెకు తెలుసు. మూర్ఛ వచ్చినప్పుడు ఆ అల్లిక అంతా ఊడిపోయి ఒక్క రింగుగా మారిపోతుంది. కోట్ల కణాలు ఒక్క తాళానికి చిందులేస్తాయి. "మీ నాన్నగారి ఆముదం చుక్క ఇక్కడ కూడా వెయ్యొచ్చేమో చూద్దామా?" అని అడిగింది. రెండేళ్ళు ఇద్దరూ నిద్రాహారాలు మాని పని చేశారు. అలా పుట్టింది తోడుబిళ్ళ. మనిషి మామూలుగా ఉన్నప్పటి పటాన్ని ముందుగా దానికి నేర్పాలి; అందుకు వరహాలును విశాఖపట్నం రప్పించి మూడు రోజులు రికార్డు తీశారు. ఆ తర్వాత మెదడు పటం హద్దు దాటబోతే చిన్న విద్యుత్ చుక్క వేసి లోపలికి తెస్తుంది. వరహాలుకు నొప్పీ లేదు, చప్పుడూ లేదు. దాన్ని పెట్టి నాలుగు నెలలైంది. ఒక్క మూర్ఛ కూడా రాలేదు.

మొదటి నెల ఇంట్లో పండగే. వరహాలు మళ్ళీ పెనం దగ్గర నిలబడ్డాడు. అరుపుల్లేవు, కేకల్లేవు. "దేవుడిలాంటోడైపోనాడే మా మావ" అని తవిటమ్మ ఫోనులో మురిసిపోయింది. రెండో నెలలో వరహాలు అక్క చనిపోయింది. ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి, ఆయన అప్ప అని పిలిచే మనిషి. వరహాలు శవం పక్కన చేతులు కట్టుకుని కూచుని, వచ్చిన ప్రతి ఒక్కరికీ దండం పెట్టి, "కూకోండి బాబూ, మజ్జిగ పుచ్చుకోండి" అన్నాడు. ఎంత నిబ్బరమో అని ఊరంతా మెచ్చుకుంది. వేణి కూడా మెచ్చుకుంది. మూడో నెలలో బెల్లం పాడైంది. చవుడు నేలలో పండిన చెరకు వచ్చింది. ఆ రసంలో వేసే సున్నం మార్చాలి, మంట మార్చాలి. వరహాలు మొన్నటి రసాన్ని వండినట్టే దాన్నీ వండాడు. బెల్లం గట్టిపడక ముద్దముద్దగా జారిపోయింది. ఒక పెనం కాదు, ఆరు పెనాలు.

పెరట్లోంచి వచ్చి వేణి తండ్రిని అడిగింది.

"రసం తేడాగా ఉందని నీకు తెలియలేదా నాన్నా?"

"తెలిసిందమ్మా. నోట్లో వేసుకోగానే తెలిసింది."

"మరి?"

"తెలిసింది గానీ, ఏమీ అనిపించలేదమ్మా" అన్నాడు. ఆయన మాట కూడా పట్నం మాటలా మెత్తగా, పద్ధతిగా ఉంది. అది విన్నాక వేణి ఆ రాత్రి ఉండలేకపోయింది, సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే పరిశోధనశాలలో కుముదినితో కలిసి లెక్కలన్నీ తిరగేసింది. బిళ్ళ పంపుతున్న సంకేతాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. సగటు సరిపోయింది. హెచ్చుతగ్గులు సరిపోయాయి. ముందు నేర్పిన పటం మీద ఇప్పటి పటం పెడితే అచ్చు గుద్దినట్టుంది.

"ఇంత బాగా సరిపోతే ఇంకేం కావాలి వేణీ?" అంది కుముదిని.

"అదేనండీ నాకు అర్థం కానిది. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. మా నాన్న లేడు."

పాత ఫైళ్ళు వెతికింది. రెండేళ్ళ కిందట మెదడు సంకేతాలు పట్టే టోపీ పని చేస్తుందో లేదో చూద్దామని సరదాగా గానుగ పాకలో తండ్రి తల మీద పెట్టి తీసిన రికార్డు ఒకటి దొరికింది. ఉన్నది పదకొండు నిమిషాలే. అందులో నాలుగు నిమిషాలు, చెరకు మోపుల మీదికి బండి ఎక్కించిన లారీ డ్రైవరును ఆయన తిట్టిన తిట్లు. తర్వాత ఆ డ్రైవరు ఏదో అంటే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్విన నవ్వులు. దాన్ని పటంగా గీసి, బిళ్ళకు నేర్పిన మూడు రోజుల పటం పక్కన పెట్టింది.

మూడు రోజుల పటంలో ఒక్క రెక్కే ఉంది. పదకొండు నిమిషాల పటంలో రెండు.

కుముదిని కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. "ఆ రెండో రెక్కలోకి దారం వెళ్ళబోయినప్పుడల్లా మన బిళ్ళ దాన్ని మూర్ఛ అనుకుంటోంది. చుక్క వేసి వెనక్కి లాగేస్తోంది. కోపమొచ్చినా, నవ్వొచ్చినా, ఏడుపొచ్చినా అంతే. కానీ మూడు రోజులు రికార్డు చేశాం కదమ్మా ఇక్కడ? మూడు రోజుల్లో మనిషికి ఒక్కసారి కూడా విసుగు రాలేదా?"

వేణికి ఆ మూడు రోజులూ కళ్ళముందు కదిలాయి. వరహాలు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కుర్చీ అంచున కూచున్నాడు. నర్సు సూదులతో తల కెలికినా కిక్కురుమనలేదు. కాఫీలో పంచదార లేకపోయినా "చిత్తం" అని తాగేశాడు. అంతమంది ముందు మా నాన్న ఎంత ఒద్దికగా ఉన్నాడో అని వేణి ఆ మూడు రోజులూ లోలోపల పొంగిపోయింది. ఫోను తీసి తల్లికి చేసింది.

"అమ్మా, రికార్డుకి వచ్చినప్పుడు నాన్నకి నువ్వేమైనా చెప్పావా?"

"సెప్పకపోతే ఎలగే? బస్సులో నెత్తి మీద సెయ్యేయించి ఒట్టేయించుకున్నాను. అక్కడ డాట్టర్లు, పెద్దోళ్ళు ఉంటారు, నీ నోరేసుకుని పడిపోకు, పిల్ల పరువు తియ్యకు అని. పాపం మాట నిలబెట్టుకున్నాడు. ఏమే? అదేనేటి కొంప ముంచింది? నానేనేటి సేసీసినాను?"

"నువ్వు కాదమ్మా. చూసుకోవాల్సింది నేను" అని వేణి ఫోను పెట్టేసి బల్ల మీద తల వాల్చేసింది. కూతురి పరువు కోసం ఒక మనిషి మూడు రోజులు నోరు కట్టుకుని కూచుంటే, ఆ కూతురే దాన్ని ఆయనకు జన్మంతా ఖాయం చేసి పెట్టింది.

హద్దు పెంచడం చిటికెలో పని. చిక్కంతా ఆ తర్వాత ఉంది. మూర్ఛకు దారి బయల్దేరేది రెండో రెక్క చివరి అంచు నుంచే. అక్కడిదాకా తిరగనిస్తే, ఇప్పుడు తొమ్మిది సెకన్ల ముందు పసిగడుతున్న బిళ్ళకు రెండు సెకన్లే మిగులుతాయి. చాలా మూర్ఛల్ని ఆపుతుంది. అన్నింటినీ ఆపలేదు.

"ఏడాదికి రెండో మూడో రావచ్చు" అంది కుముదిని. "ఎప్పుడొస్తాయో నేను చెప్పలేను, నువ్వూ చెప్పలేవు. ఇరుకుగా ఉంచితే మనిషి భద్రం. తెరిస్తే మనిషి మనిషిగా ఉంటాడు, కానీ ఆ పెనం ఉంది చూడు... ఇది మనం తేల్చేది కాదు వేణీ. ఆయన్నే అడుగు."

అడిగింది. ఆదివారం ఇంటికెళ్ళి, తండ్రి ముందు చాప మీద కూచుని, దాచకుండా అంతా వివరించి అడిగింది. వరహాలు శ్రద్ధగా విన్నాడు.

"నీ ఇష్టమమ్మా."

"నా ఇష్టం కాదు నాన్నా. ఇలాగే ఉంచమంటావా, తెరవమంటావా?"

"ఎలా అంటే అలాగేనమ్మా."

"తెరిస్తే మూర్ఛ రావచ్చు."

"అలాగేనమ్మా."

"తెరవకపోతే జీవితాంతం ఇంతే."

"అలాగేనమ్మా" అన్నాడు వరహాలు, అంతే మర్యాదగా.

ఈయన్ని ఏం అడిగినా అవుననే అంటాడు. చెయ్యి నరుకుతానన్నా అలాగేనమ్మా అంటాడు. బిళ్ళ నడుస్తున్నంతసేపూ ఈ మనిషి ఇచ్చే సమ్మతికి విలువ లేదు. అసలు మనిషిని అడగాలంటే బిళ్ళను ఆపాలి.

కుముదినికి ఫోను చేసింది. "అరగంటకు మించొద్దు. ఒక్క నిమిషం కూడా. ఆసుపత్రికి తీసుకురా, మంచం మీద పడుకోబెట్టి ఆపుదాం" అంది ఆమె.

"ఆసుపత్రిలో మీరుంటారు కదండీ. బిళ్ళ ఆపినా మీ ముందు మళ్ళీ చిత్తం చిత్తం అనే కూచుంటాడు."

"సరే. ఇంటి దగ్గరే చెయ్యి. నిప్పుకు దూరంగా" అంది కుముదిని.

గానుగ పాకకు ఇరవై అడుగుల దూరంలో చెరకు ఆకు పరిచి, పైన బొంత వేసి, వరహాలును కూచోబెట్టింది వేణి. పొద్దున పదిన్నరైంది. పాకలో తవిటమ్మ ఒంటరిగా పెనం వండుతోంది. పక్కన నిలబడి రసం మీద తేలే మడ్డి తీసిన చెయ్యే గానీ పెనం మొత్తం తన మీద వేసుకోవడం ఆమెకు కొత్త. వేణి ఫోనులో బిళ్ళ చుక్కలు వెయ్యడం ఆపింది, సంకేతాలు పంపడం మాత్రం ఉంచింది. గడియారం చూసుకుంది.

అయిదు నిమిషాలు గడిచాయి. వరహాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. పది నిమిషాలు. ఆయన కాళ్ళు బారజాపాడు. ఆయన ముక్కుపుటాలు అదిరాయి. పెనం వైపు తిరిగాడు.

"ఒలే!"

తవిటమ్మ ఉలిక్కిపడింది.

"ఒలే తవుటూ! ఏటా మంట? పెనం కింద పెట్టినావా, నీ పుట్టింటోళ్ళ కొంప కింద పెట్టినావా? ఆ మడ్డంతా ఎవులు తీత్తారు, మీ బాబొచ్చి తీత్తాడేటి? పిప్పి లాగీయే ముందు! లాగీయ్!"

తవిటమ్మ చేతిలో తెడ్డు జారిపోయింది. లాగాల్సిన పిప్పి లాగనే లేదు. అలాగే నేల మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది. ఏడుస్తూనే నవ్వింది. "ఒచ్చినాడే! మా మావ ఒచ్చినాడే!"

వేణి పరుగున వెళ్ళి పొయ్యిలోంచి మండుతున్న చెరకు పిప్పి లాగేసి మళ్ళీ పరుగున వచ్చి తండ్రి ముందు మోకాళ్ళ మీద కూచుంది. ఇరవై నిమిషాలైంది. "నాన్నా, ఇప్పుడు చెప్పు. బిళ్ళని అలాగే ఉంచమంటావా, తెరవమంటావా?"

వరహాలు కూతుర్ని ఎగాదిగా చూశాడు. "నాలుగు నెల్లు నా నోరు నొక్కీసి ఇప్పుడొచ్చి అడగతావేటే?"

"తప్పైపోయింది నాన్నా."

"తప్పు కాదే, ఇను. నాకు బాద లేదు. నొప్పి లేదు. సల్లగా ఉండీది. కోపం ఒచ్చీది, ఇదిగో, పీక దాకా ఒచ్చీది. ఇంతలో ఎవులో భుజం మీద సెయ్యేసి, కూకో నాయనా అన్నట్టుండీది. కూకునీవోణ్ణి. నవ్వొచ్చినా అంతే. అందరూ బాగున్నావంటే, బాగున్నాననే అనుకున్నాను." ఆయన గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "మా అప్ప సచ్చిపోయిందే."

"అవును నాన్నా."

"సచ్చిపోతే నాను మజ్జిగ పోసినానే ఊరందరికీ! నన్ను పెంచిన మడిసి. తను తినకుండా నాకెట్టిన మడిసి. పాడె మీద పండుకుంటే కళ్ళలోంచి ఒక్క సుక్క రాలేదే నాకు!"

ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. మామూలు ఏడుపు కాదది. గుండెలు బాదుకుంటూ, "అప్పా, ఓ అప్పా" అని పేరు పెట్టి పిలుస్తూ, రెండు నెలల ఏడుపు ఒక్కసారిగా ఏడ్చాడు. తవిటమ్మ వచ్చి వెనక నుంచి ఆయన్ని వాటేసుకుంది.

వేణి చేతిలో ఫోను మోగింది. అరగంట అయిపోయింది. ఆమె బొటనవేలు మీట మీదికి వెళ్ళింది. నొక్కితే చాలు, మూర్ఛ భయం ఉండదు. నొక్కితే ఆ క్షణమే ఈ ఏడుపూ ఆగిపోతుంది, తండ్రి కళ్ళు తుడుచుకుని ఒద్దికగా కూచుంటాడు. తెరను చూసింది. దారం రెండో రెక్క చివరి అంచు మీద గిరగిరా తిరుగుతోంది. మెత్తని ఆకు మీదే ఉన్నాడు కదా, అమ్మ పట్టుకునే ఉంది కదా అని తనకు తనే చెప్పుకుంది. ముప్పై అయిదు నిమిషాలు. నలభై. పళ్ళ బిగువున కూచుంది. ఒక మనిషి తన అక్క కోసం ఏడుస్తుంటే మధ్యలో ఆపడానికి ఆమెకు చేతులు రాలేదు.

నలభై ఎనిమిదో నిమిషానికి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. వరహాలు కండువాతో ముక్కు చీది, ఎర్రబడ్డ కళ్ళతో కూతురివైపు చూశాడు. మూర్ఛ రాలేదు.

"తెరిసీయే. ఎంత తెరవగలవో అంత."

"ఎప్పుడో ఒకరోజు మళ్ళీ పడిపోతావు నాన్నా."

"పడతాను. పడితే లేపుతారు." ఆయన పెనం వైపు చూశాడు. ఎడం చేతి మీద మచ్చను కుడిచేత్తో నిమురుకున్నాడు. "పెనం కాడికి మాత్తరం నాను రాను. పద్నాలుగో ఏట పట్టినాను తెడ్డు. సాలు. ఒలే, రేపట్నించి నువ్వే. నీకేటీ రాదు, అయినా నువ్వే."

"రాకపోతే ముప్పయ్యేళ్ళు నీ పక్కన గడ్డి పీకినాననుకున్నావేటి?" అంది తవిటమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

వేణి అప్పుడు బిళ్ళను ఆన్ చేసింది. కొత్త పటం కోసం, కుముదిని సరేనన్నాక, పగటిపూట చుక్కలు ఆపి నాలుగు రోజులు ఇంట్లోనే రికార్డు తీసింది, ఈసారి తండ్రి పక్కన ఎవరో ఒకరు అంటిపెట్టుకుని ఉండేలా. ఆ నాలుగు రోజులూ తవిటమ్మ చేసిన సేవ ఇంతా అంతా కాదు. ఒకపూట ఉప్పు వెయ్యలేదు, మరోపూట రెండింతలు వేసింది. ఆయన చుట్టలు దాచేసింది. ఆయనకు గిట్టని తమ్ముణ్ణి పిలిపించి భోజనం పెట్టింది. నాలుగో రోజు సాయంత్రానికి రెండు రెక్కలూ నిండుగా వచ్చాయి. వరహాలుకు గొంతు బొంగురుపోయింది.

శివరాత్రి వెళ్ళాక ఆఖరి చెరకు వండుతున్నారు. వేణి సెలవు పెట్టి వచ్చింది. తవిటమ్మ పెనం దగ్గరుంది. వరహాలు దూరంగా బొంత మీద కూచుని, అక్కణ్ణుంచే పొగ చూసి, వాసన చూసి కేకలేస్తున్నాడు. పాకం దించడానికి ఇంకో నాలుగు నిమిషాలుందనగా ఆ కేకలు ఆగిపోయాయి.

తవిటమ్మ తిరిగి చూసింది. వరహాలు పక్కకు ఒరిగిపోయి కొట్టుకుంటున్నాడు. ఆమె తెడ్డు అక్కడే వదిలేసి ఒక్క పరుగున వచ్చి ఆయన్ని ఒక పక్కకు తిప్పి, తల ఒళ్ళో పెట్టుకుంది. వేణి ఫోను చూసింది. అల్లిక పోయింది. తెర మీద ఒక్క రింగు, దాని మీదే దారం మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. బిళ్ళ చుక్క మీద చుక్క వేస్తోంది, అందుకోలేకపోతోంది. వేణి తండ్రి అరికాళ్ళు పట్టుకుని కూచుంది. నిమిషం. నిమిషన్నర. ఆ రింగు ఎక్కడో చిన్నగా వదులైంది. దారం పక్కకు తొలగింది, ఇంకొంచెం తొలగింది. వరహాలు ఒళ్ళు మెత్తబడింది.

కళ్ళు తెరిచాడు గానీ ఎవరినీ గుర్తు పట్టలేదు. తవిటమ్మ నుదురు తుడుస్తూ కూచుంది. వెనకాల పెనం లోంచి నల్లటి పొగ లేచింది. ఆమె తల తిప్పలేదు. వేణి లేవబోతే, "పోతే పోనీయే, కూకో. ఆడి కాళ్ళొదలకు" అంది.

వేణి చేతిలో ఫోను మోగింది. కుముదిని. ఆమె దగ్గర కూడా తెర ఉంది.

"చూశానమ్మా. తొంభై అయిదు సెకన్లు. దెబ్బేం తగల్లేదు కదా?"

"లేదండీ. అమ్మ పట్టుకుంది."

"హద్దును ఇరవై శాతం ఇరుకు చెయ్యొచ్చు. ఇంకొకటి రాకుండా చూడొచ్చు. కానీ మళ్ళీ కొంత..."

అప్పుడే వరహాలు ముక్కు ఎగబీల్చాడు. మోచేతి మీద లేవబోయి మళ్ళీ భార్య ఒళ్ళో పడ్డాడు.

"ఒలే! ఏటే ఆ మాడు కంపు? పాకం మాడబెట్టీసినావేటే? కళ్ళు ఎక్కడెట్టుకున్నావే?"

"నీ మీదెట్టుకున్నాను!" అని తవిటమ్మ అంతకంటే గట్టిగా అరిచింది.

"నా మీదెందుకే, నానేటన్నా పొంగిపోతన్నానేటి? ముందు మంట తియ్యి! బంగారం లాటి రసం! ఆ పిల్లకైనా సెప్పలేకపోయావా? ఏమే ఏణీ, నీకు సదువొచ్చిందే గానీ బుద్ది రాలేదేటే? ఆ ఫోనొట్టుకుని సూత్తన్నావేటి? పరిగెట్టు!"

కుముదినికి అటునుంచి అన్నీ వినిపిస్తున్నాయి. రెండున్నరేళ్ళుగా ఆమె వరహాలు మెదడును అణువణువూ చూసింది. ఆయన్ని కలిసినప్పుడల్లా చేతులు కట్టుకుని "చిత్తం" అన్న మాటే విన్నది.

"ఎవరమ్మా వేణీ, అంత గట్టిగా అరుస్తున్నది?" అని కంగారుగా అడిగింది.

వేణి అప్పటికే పెనం వైపు పరిగెడుతోంది. పొగకు కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. నవ్వు ఆగడం లేదు.

"మా నాన్నండీ" అంది.